తిరుత్తణి తెల్లకుచ్చు కేసు

సెల్లమ్మ ఏమీ అనలేదంట. "మనకెందుకులే" అని మాత్రం అనిందంట.

తిరుత్తణిలో నేతపని వాళ్ళ వీధిలో సెల్లమ్మ "మనకెందుకులే" అనిందంటే దాని వెనకాల పెద్ద మూటే ఉంటుందని అందరికీ తెలుసు. ఆ మూటను పూలు కట్టే ఆమె విప్పింది. ఆమె విప్పినదాన్ని ఇస్త్రీ బండి దగ్గర ఇంకొకామె మడత పెట్టి, మీద వేడివేడిగా గీత కూడా తీసింది. రైలెక్కి తిరువళ్ళూరు చేరేసరికి ఆ మాట ఇట్లా తయారైంది: శివరామయ్య కోడలు రంజనికి పుట్టిన మగబిడ్డకు నుదుటి మీది జుట్టులో కొంగ ఈక మాదిరి తెల్లకుచ్చు ఉండాదంట. ఆ వీధికి నీళ్ళ క్యాన్లు వేసే ఎలుమలైకి కూడా సరిగ్గా అదే చోట తెల్లకుచ్చు ఉండాదంట. మనకెందుకులే.

రంజని అన్న శశికుమార్ తిరువళ్ళూరు స్టేషన్ దగ్గర షేర్ ఆటో తోలుతాడు. ఈ మాటను అతను తన ఆటో వెనక సీట్లోంచే విన్నాడు. చెప్పుకున్న ఇద్దరు ఆడవాళ్ళకు బండి తోలేది ఎవరో తెలీదు. దిగేటప్పుడు ఒకామె "పావం, ఆ పిల్లకు అన్న ఒకడుండాడంట. వాని మొహం యాడ పెట్టుకుంటాడో" అని కూడా అనింది. శశికుమార్ మొహం అద్దంలో ఉన్నింది. ఆమె ఆ అద్దంలోనే చూసి బొట్టు సరిచేసుకొని దిగిపోయింది.

ఆ పూటే శశికుమార్ ఒక తప్పు చేసినాడు. ఆ బాధలో ఇంటికి పోకుండా పెద్దక్క ఇంటికి పోయి, అన్నం తింటా తింటా విషయమంతా ఆమెకు చెప్పేసినాడు. పక్క గదిలో బావ దామోదరన్ ఉన్నాడని చూసుకోలేదు.

తలుపు తెరుచుకుంది. లుంగీ, బనియను, వాటిమీద నల్లకళ్ళద్దాలతో బావ గడపలో నిలబడినాడు.

"శశీ, ఇంక నువ్వు నిశ్చింతగా ఉండు. ఈ జిల్లాలో మెదడు అనేది ఒకటుంటే అది ఈ తలకాయలో ఉండాది. నేరం నిద్రపోవచ్చు. దామోదరన్ లేచినాడు."

"లేచింది మాకూ తెలుసు. మధ్యాహ్నం తిని పడుకున్నవాడివి దీపాలు పెట్టేవేళకు లేచినావు" అనింది అక్క.

దామోదరన్ అసలు వృత్తి అంగళ్ళకు సీసీటీవీ కెమెరాలు అమర్చడం. ఊరంతటి మీదా కళ్ళు పెట్టేవాడికి ఊరి రహస్యాలు తెలియకుండా యాడికి పోతాయి అనే తర్కంతో, బోర్డు మీద కెమెరా బొమ్మ పక్కన "రహస్య పరిశోధన" అని రాయించినాడు. ఆ బోర్డు చూసి ఊత్తుకోట మామిడితోట ఆయన ఒకడు దొంగను పట్టమని పిలిచినాడు. బావ చెట్టెక్కి కాపు కాసినాడు. దొంగలు కాయల జోలికి పోకుండా చెట్టుకింద నిలబెట్టిన బావ బండిని తోలుకొని పోయినారు. ఆరణిలో ఒక బర్రె తప్పిపోతే అడుగుజాడలు పట్టుకొని ఏటి గట్టంతా తిరిగి, చివరికి దాన్ని దాని కొట్టంలోనే కనిపెట్టినాడు. అది తనంతట తాను ఇంటికొచ్చి చానా సేపైందని బర్రె యజమాని చెప్పినా, దామోదరన్ దాన్ని గెలిచిన కేసుల్లోనే చేర్చుకున్నాడు.

ఇప్పుడు ఆయన చేతికి చిక్కింది సొంత మరదలి పరువు.

విషయం నిజంగానే చిక్కుగా ఉన్నింది. బిడ్డ పుట్టినప్పుడే డాక్టరమ్మ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఇది జబ్బు కాదు, బొల్లి కాదు, అంటుకునేది కాదు, పెరిగేది కాదు. పుట్టుకతో వచ్చే గుర్తు. మామూలుగా అమ్మ నుంచో నాయన నుంచో దిగివస్తుంది. వాళ్ళకు జుట్టులోనే ఉండాలని లేదు, ఒంటి మీద యాడైనా తెల్లమచ్చగా ఉన్నా ఉండొచ్చు, ఇంట్లో విచారించుకోండి అనింది.

విచారించినారు. రంజనివైపు ఎవరికీ లేదు. ఆమె మొగుడు కార్తికేయన్‌వైపు సంగతి వాళ్ళమ్మ అలిమేలమ్మ తేల్చేసింది. తమ వంశంలో తలలో తెల్లవెంట్రుక ముసలితనంలో కూడా ఆలస్యంగానే వస్తుందనీ, కావాలంటే తన మొగుణ్ణి చూడమనీ అనింది. శివరామయ్యకు డెబ్బై దగ్గర పడుతున్నా జుట్టు కాకిరెక్క మాదిరే ఉండాది. మరి కార్తికేయన్ మోకాలి మీద తెల్లమచ్చ ఒకటి ఉండాది గదా అని ఎవరో అంటే, "అది గంజి కాలింది" అని కొట్టిపారేసింది. వాడు పాకే వయసులో వీధిలో పడుగు సాగదీసి గంజి పెడతా ఉంటే, వాళ్ళ మేనత్త, అంటే శివరామయ్య చెల్లెలు, వేడిగంజి కుండను తన్నుకొని బిడ్డ కాళ్ళమీద ఒలికించిందంట. కాలిన పొక్కులు మానినాక చూస్తే మోకాలి మీద తెల్లగా నిలిచిపోయిందంట. ఆ ఆడబిడ్డతో అలిమేలమ్మ ఈనాటికీ సరిగా మాట్లాడదు.

అమ్మవైపు లేదు, నాయనవైపు లేదు, అట్లయితే మిగిలిన వైపు ఏది అని సెల్లమ్మ లెక్క వేసింది. లెక్క సరిగ్గానే ఉన్నింది. అదే బాధ.

మూడో నెలలో బిడ్డనెత్తుకొని అత్తింటికి పోయిన రంజని ఐదో నెలకంతా తిరిగి పుట్టింటికి వచ్చేసింది. రాలేదు, పంపించినారు. అలిమేలమ్మ పెట్టిన ఏర్పాటు ఏమిటంటే, ఏడో నెలలో తిరుత్తణి కొండమీద బిడ్డకు మొట్టై, అంటే తొలిగుండు, కొట్టించాలి. ఆ పాపిష్టి కుచ్చు దేవుడికి పోతుంది. తరువాత వచ్చే జుట్టు నల్లగా వస్తే కోడలు ఇంటికి రావచ్చు. నల్లగా రాకపోతే ఏమిటని అడిగితే, "ఎలుమలైని అడిగి చెప్పమనండి" అనిందంట. వాకిట్లో, పదిమంది వినేట్టుగా.

రంజనికి కన్నీళ్ళు తక్కువ, మాట పొదుపు. "జుట్టు మొక్కు కాబట్టి ఇస్తాను. ఆమె పదిమందిలో అనింది, పదిమందిలోనే వెనక్కి తీసుకోవాల. అంతవరకూ ఆ గడప తొక్కను" అని అన్నతో చెప్పింది. మొగుణ్ణి కూడా ఒక మాట అడిగింది. కార్తికేయన్ కవరైపేట్టై దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తా వారానికొకసారి వస్తాడు. నీకు నామీద అనుమానమా అంటే, ఛ ఛ, లేనే లేదు అన్నాడు. ఆ మాట మీ అమ్మతో చెప్పు అంటే, చూద్దాం అని ఫోన్ చూసుకున్నాడు.

మొట్టై నాటికి చెల్లెలి పేరు కడగాల. శశికుమార్‌కు కావలసింది అదొక్కటే. కడగడానికి దొరికింది మాత్రం దామోదరన్.

బావ తన కూతురి పదో తరగతి సైన్సు పుస్తకంలో ఒక పాఠం చదివి సిద్ధమైనాడు. ఎవరో దొరల దేశం సన్యాసి తోటలో బఠానీలు నాటుకొని, పొడుగు చెట్టుకూ పొట్టి చెట్టుకూ పెళ్ళిళ్ళు చేసి, పిల్లలకు ఎవరి నుంచి ఏమొస్తుందో తేల్చినాడంట. "పెళ్ళాం లేని సన్యాసికే అంత తెలిసిందంటే, సంసారిని, నాకెంత తెలియాల" అన్నాడు దామోదరన్. అక్క ఆ మాటకు ఏదో అనబోయి, తమ్ముడి ముందర బాగుండదని ఊరుకుంది.

ఆ పాఠంలో బావకు బాగా నచ్చింది నాలుక. కొందరు నాలుకను గొట్టం మాదిరి చుట్టగలరు, కొందరు చుట్టలేరు, అది వంశంలో వస్తుంది అని ఉన్నింది. చెవి తమ్మె బుగ్గకు అతుక్కొని ఉంటుందా, వేలాడుతుందా అనేది కూడా అంతేనంట. తెల్లకుచ్చు గురించి ఆ పుస్తకంలో ఒక్క ముక్క లేదు గదా బావా అని శశికుమార్ అడిగినాడు. "నాలుక దొరికితే జుట్టు దానంతట అదే నడిచొస్తుంది" అని జవాబు వచ్చింది.

ఆదివారం ఇద్దరూ ఆటోలో తిరుత్తణి చేరినారు. సర్క్యూట్ బోర్డులు రిపేరు చేసే బూతద్దాన్ని దామోదరన్ మెళ్ళో తాయెత్తు మాదిరి వేసుకున్నాడు. శివరామయ్య ఇంటి వసారాలో కూర్చొని, కాఫీ తాగి, గొంతు సవరించుకొని, అలిమేలమ్మ వైపు తిరిగినాడు.

"అత్తా, కొంచెం నాలుక బయట పెట్టి గొట్టం మాదిరి చుట్టండి."

"నా నాలుకతో నీకేమప్పా పని?"

ఈ కేసంతా ఆ నాలుక మీదనే నడుస్తా ఉండాదని శశికుమార్ అనుకున్నాడు, అనలేదు. ఆమె మొదట కసిరినా, సైన్సు అనేసరికి కొంగు అడ్డం పెట్టుకొని ప్రయత్నం చేసింది. చుట్టుకోలేదు. నిక్కర్లో వచ్చి కూర్చున్న కార్తికేయన్ బుద్ధిగా చుట్టి చూపించినాడు. దామోదరన్ వాడి నోటి నుంచి చెవులకు, చెవుల నుంచి కిందికి దిగుతా దిగుతా మోకాలి దగ్గర ఆగినాడు. బూతద్దం పెట్టినాడు. రెండు కొసలూ సన్నగా, నడుమ వెడల్పుగా, పాల మాదిరి తెల్లమచ్చ.

"గంజా?"

"గంజే అన్నా."

"పాత పారిశ్రామిక ప్రమాదం. కేసుకు సంబంధం లేదు" అని బూతద్దం ఎత్తేసినాడు.

శివరామయ్య నోట్లో తాంబూలం ఉండాదని నాలుక చూపించలేదు. ఆయన జుట్టును మాత్రం బావ మెచ్చుకోకుండా ఉండలేకపోయినాడు. ఏం నూనె రాస్తావు మామా, నాకూ చెప్పకూడదా అని అడిగితే, "కరివేపాకు" అని ఒక్క మాట అని, తాంబూలం ఉమ్మడానికి పోయినట్టు పోయి ఆయన మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు. ఆ పూటంతా మగ్గం టకటకమంటానే ఉన్నింది.

ఆ నూనె గూర్చి ఏమో గానీ, ఈ మనిషి దిండుగలీబులు ఉతకలేక చేతులు పడిపోతున్నాయని అలిమేలమ్మ మొర పెట్టుకుంది. నూలుకు వేసే నల్లరంగు ఈయన ఒంటి నిండా పూసుకొస్తాడు, తల పెట్టిన చోటల్లా మసి, పెళ్ళైనప్పటి నుంచీ ఇదే గతి అని ఒక గలీబు తెచ్చి చూపించింది. దామోదరన్ చెయ్యెత్తి ఆపినాడు. డిటెక్టివు అనేవాడు సంసారాల లోగుట్లలోకి తొంగిచూడడు, సంబంధం లేని సాక్ష్యాలతో మెదడును పాడు చేసుకోడు అన్నాడు.

తరువాత వీధిలో పడినాడు. పోగులు తోడే ముసలాయన దగ్గర్నుంచి పాలు పోసే మనిషి దాకా అందరి నాలుకలూ చూసినాడు. సెల్లమ్మ పిలవకుండానే వచ్చి అందరికంటే అందంగా చుట్టి చూపించింది. సాయంత్రానికి జరిగిందేమిటంటే, అంతవరకూ పుకారులో ఎలుమలై పేరు ఒక్కటే ఉన్నింది. ఇప్పుడు నాలుక చుట్టగలిగిన మగవాళ్ళందరి పేర్లూ అందులో చేరినాయి. పోగులు తోడే ముసలాయన పేరు కూడా. ఆయన కొంచెం సంతోషపడినట్టే కనపడినాడు.

రాత్రికి ముందే రంజని ఫోన్ చేసింది. "అన్నా, బావను ఇంటికి తోలుకొనిరా. నన్ను కాపాడేది ఇంక చాలించమను."

దామోదరన్ చాలించే రకం కాదు. మర్నాటి నుంచి ఎలుమలై మీద నిఘా పెట్టినాడు. ఎలుమలై ఇరవై దాటిన కుర్రవాడు. టీవీఎస్ బండికి రెండువైపులా నీళ్ళ క్యాన్లు కట్టుకొని, మెడలో పచ్చతువ్వాలు వేసుకొని తిరుగుతాడు. నుదుటి మీద తెల్లకుచ్చు నిజంగానే మెరుస్తా ఉండాది. గుర్తు పట్టకుండా ఉండాలని దామోదరన్ తలకు హెల్మెట్ పెట్టుకొని, టీకొట్టు బల్ల మీద కదలకుండా కూర్చున్నాడు. టీ కూడా హెల్మెట్‌లోంచే తాగడానికి చూసి చొక్కా నిండా పోసుకున్నాడు. ఎలుమలై నేరుగా ఆయన దగ్గరికే వచ్చి, "కెమెరా సార్ గదా మీరు? మా క్యాన్ గోడౌన్‌లో ఒకటి పెట్టాల సార్, వస్తారా?" అని అడిగినాడు. బావ పోయినాడు, నిచ్చెన ఎక్కినాడు, కెమెరా పెట్టినాడు, దిగి వచ్చేసినాడు.

"ఆ కుచ్చు నీకు ఎప్పటి నుంచి ఉండాదిరా అని ఒక్క మాట అడగొచ్చు గదా బావా, వాడి పక్కనే ఉంటివి గదా" అన్నాడు శశికుమార్.

"నేరస్థుణ్ణి నేరుగా అడిగేదా? అది పోలీసులు చేసే పని."

బావకు కావలసింది జుట్టు. మాట అబద్ధం చెప్తుంది గానీ వెంట్రుక చెప్పదు, దాని మొదట్లో మనిషి జాతకమంతా ఉంటుంది అని ఆటోలో పోతున్నంతసేపూ చెప్పినాడు. ఊరికే అడిగితే వాడు ఇవ్వడు. కాబట్టి తిరుత్తణి కొండనే వలగా వాడతానన్నాడు. బిడ్డ మొట్టై రోజున, చుట్టాలు తాగడానికి నీళ్ళ క్యాన్ ఒకటి పైకి మోసుకొని రమ్మని ఎలుమలైకి చెప్తాడు. గుండు కొట్టే ఆయనకు ముందుగానే చెప్పి పెడతాడు. బిడ్డ పక్కన పచ్చతువ్వాలుతో ఒకడు కూర్చుంటాడు, వాడికి మొక్కుండాది గానీ సిగ్గు, వద్దు వద్దంటాడు, వినొద్దు, తల తడిపి ఒక్క గీత గీసెయ్, ఆ జుట్టు నాకియ్ అని. కళ్ళు మూసుకొని దండం పెట్టుకోమని ఎలుమలైని ఆ పలక మీద కూర్చోబెట్టే బాధ్యత తనది.

"అది పాపం బావా" అన్నాడు శశికుమార్.

"సత్యం కోసం ఒకడికి గుండు కొడితే పాపం ఎట్లవుతుంది? అదీ మురుగన్ సన్నిధిలో."

మొట్టై రోజు ఎండ దంచేస్తా ఉండాది. కొండమీద గుండ్లు కొట్టే మండపంలో నీళ్ళు, వెంట్రుకలు, పసిబిడ్డల ఏడుపులు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తొలిజుట్టు తీయడం ఆనవాయితీ కాబట్టి శశికుమార్ బిడ్డను ఒళ్ళో పెట్టుకొని పలక మీద కూర్చున్నాడు. ఒకవైపు రంజని, ఒకవైపు అలిమేలమ్మ, నడుమ సంచులు మోస్తా కార్తికేయన్. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వెనకాల చుట్టాలు. పిలవకపోయినా సెల్లమ్మ. దామోదరన్ ఒక స్తంభం చాటున ప్లాస్టిక్ సంచి పట్టుకొని నిలబడినాడు. సంచి అటూ ఇటూ కనపడతానే ఉండాది.

శివరామయ్య ఎప్పటి మాదిరే దూరంగా ఉన్నాడు. ఇంత మురుగ భక్తుడు జన్మలో గుండు చేయించుకోలేదు. తలకు నీళ్ళు పడితే జలుబు అంటాడు. ఇంట్లో ఎవరికి మొట్టై అయినా పక్కన కూర్చొని మూడు కత్తెర్లు మాత్రం ఇస్తాడు, అదీ పొడి తలతో, వెనకవైపు నుంచి. ఈరోజు మెట్లెక్కి వచ్చిన చెమట ఆయన నుదుటి మీద నల్లటి చుక్కలుగా జారుతా ఉండాది. మగ్గం మనిషి గదా అనుకున్నాడు శశికుమార్. అప్పుడే నీళ్ళ క్యాన్ దించిన ఎలుమలై, "ఐయా, చెమట తుడుచుకోండి" అని తన మెడలో తువ్వాలు తీసిచ్చినాడు. శివరామయ్య దాన్ని లాక్కున్నట్టే తీసుకొని, నుదురు తుడుచుకొని, తల చుట్టూ బిగించి కట్టుకున్నాడు. బిడ్డ పక్కన పలక మీద కూర్చొని, మూడు కత్తెర్లకని కళ్ళు మూసుకొని, మురుగా అన్నాడు.

పచ్చతువ్వాలు.

స్తంభం చాటు నుంచి దామోదరన్ చూసినాడు. ఆయన రెండు చేతులూ ఊపినాడు. గుండు కొట్టే ఆయన దాన్ని సరే కానీ అని అర్థం చేసుకున్నాడు. తువ్వాలు లాగి పారేసి, చెంబుడు నీళ్ళు నెత్తిన కుమ్మరించి, వద్దు వద్దంటా ఉన్న పెద్దాయన మెడ వంచి, నుదుటి నుంచి నడినెత్తి దాకా ఒక్క గీత లాగేసినాడు.

"ఒక గీత పడిపోయింది సామీ. ఇంక మిగిలింది వదిలేస్తే ఊళ్ళో నవ్వుతారు" అని మిగతాది కూడా లాగేసినాడు.

నల్లటి నీళ్ళు శివరామయ్య చొక్కా మీదుగా కారినాయి. తల బయటపడింది. నుదుటి పైన, రెండు కొసలూ సన్నగా, నడుమ వెడల్పుగా, అచ్చం మగ్గంలో ఆడే నాడె ఆకారంలో, పాల మాదిరి తెల్లమచ్చ. అదే క్షణానికి పక్కన ఇంకొకాయన బిడ్డ తల పూర్తి చేసి చెయ్యి తీసినాడు. చిన్నోడి నుదుటి మీద కూడా నాడె. ఒకే మగ్గానికి పెద్దదొకటి, చిన్నదొకటి చేయించినట్టు ఉండాది. బిడ్డ ఏడుపు ఆపి తాత తలను చూసినాడు. చుట్టాలు కూడా అదే పని చేసినారు.

సెల్లమ్మ నోరు తెరిచింది. మనకెందుకులే అనడానికి కూడా రాలేదు.

శివరామయ్య తలమీద రెండు చేతులూ కప్పుకొని, కప్పినా లాభం లేదని తీసేసి, నేలను చూస్తా చెప్పుకొచ్చినాడు. పుట్టినప్పటి నుంచీ ఉండాదంట. పెళ్ళిచూపుల నాడు వాళ్ళమ్మ నూలుకు వేసే నల్లరంగు పూసి కూర్చోబెట్టిందంట. బొల్లి అనుకుంటే ఎవరూ పిల్లనివ్వరని. పెళ్ళైనాక చెప్దామనుకున్నాడంట. తరువాత చెల్లెలికి సంబంధాలు చూస్తా ఉండినారంట, తరువాత కొడుక్కు. వారం వారం మగ్గం గుంటలో కూర్చొని రంగు పూసుకోవడమే బతుకైపోయిందంట.

అలిమేలమ్మ పాపం అంతసేపూ వేరే దారిలో ఆలోచిస్తా ఉండాది.

"అట్లయితే ఆ దిండ్లు" అనింది.

"ఆ దిండ్లు అదే" అన్నాడు శివరామయ్య.

"ఇన్నేళ్ళూ మగ్గం రంగనుకొని ఉతికితినే."

ఆయన ఇంకా కొంచెం తల వంచుకున్నాడు. "ఇంకొకటి కూడా ఉండాది. వీడి మోకాలిది గంజి కాలింది కాదు. గంజి పడింది నిజమే, పొక్కులొచ్చిందీ నిజమే. మచ్చ మాత్రం పుట్టుకతోనే ఉన్నింది. పసిబిడ్డ తెలుపులో నీకు కనపడలేదు."

అలిమేలమ్మకు ఆడబిడ్డ గుర్తొచ్చింది. ప్రతి పండక్కూ గంజికుండ పేరెత్తి ఏడిపించిన ఆడబిడ్డ. ఆమె అక్కడే పలక మీద కూలబడింది. గుండు కొట్టే ఆయన ఇది ఇంకొక మొక్కేమో అని చెంబు ఎత్తబోతే కార్తికేయన్ ఆపినాడు. ఆ పూట అతను ముందుకొచ్చి చేసిన పని అదొక్కటే.

ఇంతలో స్తంభం చాటు నుంచి దామోదరన్ బయటికి వచ్చినాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకొని, చుట్టాలనందరినీ ఒకసారి కలయజూసి, తను మొదటి నుంచీ శివరామయ్య జుట్టు మీదనే కన్నేసి ఉన్నాననీ, కరివేపాకు అన్న మాట దగ్గరే నేరస్థుడు దొరికిపోయినాడనీ, ఈ తువ్వాలు ఏర్పాటంతా తన మేధస్సు పన్నిన ఉచ్చు అనీ వివరించినాడు. చెప్పడం పూర్తయ్యేలోపల గుండు కొట్టే ఆయన నల్లనీళ్ళు కారే జుట్టును తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "ఎలుమలై జుట్టు అంటిరే సార్, ఇదిగో" అన్నాడు.

ఎలుమలై తన పేరు విని ముందుకొచ్చినాడు. ఈ గొడవలో తన జుట్టెందుకు వచ్చిందో వాడికి అర్థం కాలేదు. అలిమేలమ్మే అడిగింది, నీకు ఆ కుచ్చు యాడనుంచి వచ్చిందిరా అని. ఇన్ని నెలల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె.

"మీ మనవణ్ణి చూసేనమ్మా" అన్నాడు ఎలుమలై సిగ్గుపడతా. "క్యాన్ వేయడానికి వచ్చినప్పుడు వాకిట్లో పడుకోబెట్టి ఉంటిరి. ఈ కుచ్చు సూపర్‌గా ఉండాదే అనిపించింది. బస్టాండ్ దగ్గర సెలూన్లో వేయించుకుంటిని, అంతవరకూ పెట్టుకొనే టోపీ కూడా తీసేస్తిని. ఎందుకమ్మా, బాగలేదా?"

బిడ్డకు వాడి నుంచి రాలేదు. వాడికే బిడ్డ నుంచి వచ్చింది. శశికుమార్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒళ్ళో ఉన్న మేనల్లుడి గుండుకు చందనం రాస్తా కూర్చున్నాడు. అతని మనసులో మాత్రం ఒకటే తిరుగుతా ఉండాది. తన చెల్లెల్ని వాకిట్లో పదిమందిలో నిలబెట్టి అడిగిన రోజున, ఈ పెద్దాయన పది అడుగుల అవతల మగ్గం గుంటలోనే ఉన్నాడు. నల్లరంగు తలతో, అన్నీ తెలిసి.

అలిమేలమ్మ లేచింది. ఏమన్నా అనుకోనీ, ఆమె దాచుకొనే మనిషి కాదు. అన్నప్పుడు ఎంత గట్టిగా అనిందో ఇప్పుడూ అంత గట్టిగానే, చుట్టాలందరూ వినేట్టు, సెల్లమ్మ వైపు కూడా తిరిగి, తను అన్నది తప్పనీ, నోరు పారేసుకున్నాననీ చెప్పింది. "జరిగిందేదో జరిగింది. బిడ్డను తీసుకొని ఇంటికి రామ్మా" అనింది. శివరామయ్య గుండు ఊపినాడు. కార్తికేయన్ ఇబ్బందిగా నవ్వి, బిడ్డ సంచిని ఒక భుజం మీద నుంచి ఇంకొక భుజం మీదికి మార్చుకున్నాడు.

కేసు తన పేరు చెప్పుకోకుండా ముగిసిపోతా ఉండాదని దామోదరన్‌కు భయం పట్టుకుంది. ఒక చేతిలో తడిజుట్టు, ఇంకో చేతిలో బూతద్దం పైకెత్తి, మండపమంతా వినపడేట్టు ప్రకటించినాడు.

"తాత నెత్తి నుంచి తండ్రి మోకాలికి, తండ్రి మోకాలి నుంచి బిడ్డ నుదుటికి. వంశం అంటే ఇదీ. ఈ ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కు దిగివచ్చింది ఈ మచ్చ ఒక్కటే."

రంజని అన్న ఒళ్ళోంచి బిడ్డను తీసుకొని భుజాన వేసుకుంది. మొగుణ్ణి చూసింది, మామను చూసింది.

"ఒక్కటే కాదు బావా. అన్నీ తెలిసి నోరు మూసుకొని నిలబడేది కూడా దిగి వచ్చింది. జుట్టైతే గొరిగేయొచ్చు."